బావి నీళ్ళు బావికి

విజయనగరం నుంచి బరంపురం అంత దూరమేమీ కాదు. మా వీధి ఆడవాళ్ళు పొద్దున్న రైలెక్కి వెళ్ళి, అప్పడాలూ వడియాలూ పచ్చళ్ళూ సంచుల్లో కుక్కుకుని, దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉంటారు. నేను మాత్రం యాభై దాటేదాకా ఆ ఊరి ముఖం చూడలేదు. చూపించింది మా పక్కింటి కాంచన వదిన.

వదినవాళ్ళు జైనులు. వాళ్ళ మావగారి తండ్రి ఎప్పుడో రాజస్థాన్ నుంచి వచ్చి మా ఊళ్ళో ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టాడు. ఇప్పుడు వాళ్ళకి మాకన్నా మంచి తెలుగు వచ్చు. మా రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ మీంచి పాతికేళ్ళుగా మజ్జిగా, కరివేపాకూ, కబుర్లూ, అప్పుడప్పుడు మాటా మాటా ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. మా ఇంట్లో చేపల పులుసు ఉడికే రోజున ఆవిడ కిటికీ మూసేస్తుంది. నేనేమీ అనుకోను. పొద్దు వాలకముందే ఆవిడ భోంచేసి కూర్చుంటే, 'కోడిపెట్టలా అప్పుడే గూట్లోకి చేరావా' అంటాను. ఆవిడా ఏమీ అనుకోదు.

ఆవిడకి ఒక్కతే కూతురు, పింకీ. సగం మా ఇంట్లోనే పెరిగింది. నన్ను అత్తా అని పిలిచేది. పదేళ్ళ కిందట, డిగ్రీ చదివిన ఆ పిల్ల, ఇల్లూ పేరూ జుట్టూ అన్నీ వదిలేసి దీక్ష పుచ్చుకుని ఆర్యిక అయిపోయింది. ఆర్యిక అంటే దిగంబర జైనుల్లో సన్యాసిని. ఒక తెల్లచీర, నెమలీకల కుంచె, ఒక కమండలం, అంతే ఆస్తి. ఎండైనా వానైనా చెప్పుల్లేని నడకే. రోజుకి ఒక్కసారే తిండి, అదీ దోసిట్లో. నీళ్ళు కూడా అప్పుడే తాగాలి. మళ్ళీ మర్నాటిదాకా చుక్క ముట్టరు.

ఆ పిల్ల ఉన్న సన్యాసినుల సంఘం భువనేశ్వరం వైపు నుంచి నడుచుకుంటూ దక్షిణానికి వస్తోందనీ, గంజాం జిల్లా దాటబోతోందనీ ఫాల్గుణంలో కబురొచ్చింది. వదిన గోడ దగ్గరికి వచ్చింది.

"ఒక్కసారి నా చేత్తో దాని దోసిట్లో ముద్ద పెట్టాలి వదినా. రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ నా గుమ్మం దాటి వెళ్ళిపోయింది. తోడొస్తావా?"

భోజనానికి బయల్దేరేటప్పుడు వాళ్ళు మనసులో ఒక నియమం పెట్టుకుంటారట. ఈవేళ కొబ్బరికాయ పట్టుకున్నవాళ్ళు పిలిస్తేనే, లేదా జంటగా నిలబడ్డవాళ్ళు పిలిస్తేనే అని. అది ఎవరికీ చెప్పరు. అలాంటి గుమ్మం కనబడకపోతే ఆ రోజుకి పస్తే. కన్నకూతురికి ఇంత అన్నం పెట్టడానికి తల్లి ఇలా వీధిలో నిలబడి ఎదురుచూడడమేమిటని నాకు ఒళ్ళు మండింది. మండినా సంచి సర్దుకున్నాను.

బరంపురం

స్టేషన్ బయట అడుగుపెట్టగానే ఊరు రెండు భాషల్లో మాట్లాడుతోంది. ఒక కొట్టతను ఫోన్లో ఒడియాలో ఎవర్నో తిడుతూ, అదే ఊపులో మా వైపు తిరిగి, "ఏటి కావాలమ్మా?" అన్నాడు. బోర్డుల మీది గుండ్రటి అక్షరాలు చూస్తే చదవగలననిపిస్తుంది, దగ్గరికి వెళ్తే ఒక్కటీ రాదు. కలలో ఎవరో తెలిసిన మనిషి కనబడి పేరు గుర్తురానట్టు, ఉన్నంతసేపూ నాకు ఆ ఊరు అలాగే అనిపించింది.

పొద్దున్నే ఇడ్లీ మీద చట్నీ బదులు బఠాణీల కూర పోసి ఇచ్చారు. ఘుగుని అంటారట. ప్లేటు నలభై రూపాయలు. ఇడ్లీకి ఇదేం ఖర్మ అనుకుంటూనే రెండో ప్లేటు చెప్పాను. వదిన ముట్టలేదు. అందులో ఉల్లీ బంగాళాదుంపా ఉన్నాయి. నేల కింద పెరిగే దుంపని తవ్వితే దాన్ని పట్టుకుని బతికే ప్రాణులన్నీ పోతాయని వాళ్ళు తినరు. ఇంటినుంచి తెచ్చుకున్న ఖాక్రాలు, అప్పడంలా కరకరలాడే పల్చటి రొట్టెలు, విరుచుకుని తింది. మధ్యాహ్నం హోటల్లో పఖాళ తిన్నాను. నీళ్ళలో నానిన అన్నం, పెరుగు, వేయించిన వడియాలు. మన చద్దన్నమే, కాకపోతే ఇక్కడ దానికి పళ్ళెమూ మర్యాదా ఉన్నాయి.

బరంపురం వెళ్ళి పట్టుచీర చూడకుండా వస్తే మా వీధిలో తలెత్తుకోలేను. వదిన కొట్టు మెట్ల మీదే ఆగిపోయింది.

"నువ్వెళ్ళు వదినా. పురుగుల్ని గూటితోసహా ఉడకబెట్టి తీసిన దారం. నేను లోపలికొస్తే నీకు కొనబుద్ధి కాదు."

నేను వెళ్ళాను. గుడి గోపురాల వరసలా అంచు నేసిన ముదురు ఎరుపు చీర ఒకటి, చెయ్యి పెడితే నీళ్ళలో పెట్టినట్టుంది. తగిలితే తగలనీ పాపం అని కొనేశాను. బయటికొచ్చాక నా సంచి లావెక్కడం చూసి కూడా ఆవిడ ఏమీ అడగలేదు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం సింహాచలం అనే ఆటో అతన్ని రెండు రోజులకి మాట్లాడుకున్నాం. తెలుగువాడు. తాతల నాటినుంచీ బరంపురమే. "అమ్మగోర్ని అమ్మాయిగోరి కాడికి తీసుకెల్లడమే గదా. పున్నెం పని, ఎక్కువ అడగన్లెండి," అంటూనే ఎక్కువే అడిగాడు.

హుమ్మ దారిలో బావి

హుమ్మ దగ్గర ఉప్పు మళ్ళు. తెల్లారుతూండగా చేరాం. ఎటు చూసినా నీళ్ళు నిలిచిన మడులు, వాటిలో ఆకాశం, గట్ల మీద తెల్లటి ఉప్పు కుప్పలు. మనుషులు దూరంగా ఆ నీళ్ళ మీదే నడుస్తున్నట్టు కనబడ్డారు. మాట్లాడాలనిపించలేదు. నన్నెరిగినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

సంఘం ఆ పూట ఒక ఉప్పు వ్యాపారి పాత గోడౌన్లో దిగుతుందన్నారు. బరంపురం జైన కుటుంబాలు నాలుగైదు వచ్చి పక్కనే వరస గదుల్లో వంటలు మొదలుపెట్టాయి. మాకూ ఒక గది ఇచ్చారు. కాని ఆ ఆవరణలో ఉన్న బావి ఉప్పునీళ్ళది. కుళాయి నీళ్ళు వీళ్ళు వాడరు. అందుకని ఆటోలో ఇంకాస్త ముందుకి వెళ్ళి, రైలుగేటు అవతల ఒక చిన్న పల్లెలో మంచినీళ్ళ బావి పట్టుకున్నాం.

ఆ బావి మంగమ్మ అనే ముసలావిడది. చుట్టూ వంగతోట. వదిన నీళ్ళు తోడి, కొత్త గుడ్డ రెండు మడతలు వేసి బిందె మూతికి కట్టి వడగట్టింది. ఇంతవరకూ మనమూ చేస్తాం. ఆ తరవాతదే నేనెప్పుడూ చూడలేదు. వడగట్టిన గుడ్డని తిరగేసి, మంచినీళ్ళతో మెల్లిగా కడిగి, ఆ కడుగుని ఒక ఇత్తడి చెంబులోకి పట్టింది.

"దీన్ని జీవానీ అంటాం. గుడ్డ మీద ఆగిపోయిన ప్రాణులన్నీ ఇందులో ఉంటాయి. ఏ బావివి ఆ బావికే చేర్చాలి. పైనుంచి పోస్తే దెబ్బ తగుల్తుంది, అందుకని దించి పొయ్యాలి."

చెంబు అడుగున ఒక కొక్కెం ఉంది. పైన ఒక తాడు, కింద కొక్కేనికి ఒక తాడు. నీటి మట్టానికి దించాక కింది తాడు లాగితే చెంబు నీళ్ళలోనే ఒరుగుతుంది. మంచి ఉపాయమే అనుకున్నాను.

ఇంతలో రోడ్డు మీదినుంచి సింహాచలం కేకేశాడు. "అమ్మా, బేగి రండి. మాతాజీలు నడిసొచ్చేస్తన్నారు, అల్లదుగో."

వదిన తలెత్తి చూసింది. పొగమంచులో తెల్లచీరలు నాలుగు, కళ్ళు నేల మీద పెట్టి వరసగా వస్తున్నాయి. మూడో చీర పింకీ. జుట్టు లేదు, బుగ్గలు లేవు, నడక మాత్రం అదే. వదిన కంగారుగా వెనక్కి తిరిగింది. బిందెలూ గుడ్డలూ చెంబులూ ఏది ముందో ఏది వెనకో చూడకుండా ఆటోలోకి చేర్చింది. నేనూ అందించాను.

ఉప్పునీళ్ళ మధ్య మంచినీళ్ళు

వంట పూర్తయింది. పెసరపప్పు, అన్నం, ఆనపకాయ కూర, పుల్కాలు. కాచి చల్లార్చిన నీళ్ళు. వదిన ఉతికి ఆరేసిన మడిచీర కట్టుకుని, గిన్నెలు సర్దుతూ మూత పెట్టిన ఇత్తడి చెంబు తీసింది. మూత తీసి చూసి, అలాగే గోడకి జారగిలబడింది.

"వదినా, జీవానీ మనతో వచ్చేసింది."

"వస్తే ఏమైంది? ఈ బావిలో పోసెయ్."

"ఇది ఉప్పునీళ్ళు. అవి మంచినీళ్ళలో పుట్టినవి. పోసీ పొయ్యగానే చస్తాయి."

"అయితే మూత పెట్టి ఓ మూల పెట్టు. భోజనాలయ్యాక పట్టుకెళ్దాం. ఎవరు చూడొచ్చారు?"

వదిన తల అడ్డంగా ఊపింది. "గుమ్మంలో నిలబడి ఒక మాట చెప్పాలి. నా మనసు శుద్ధం, మాట శుద్ధం, ఒళ్ళు శుద్ధం, అన్నం నీళ్ళు శుద్ధం అని. ఆ మాట వింటేనే వాళ్ళు లోపలికొస్తారు. వాటి ప్రాణాలు ఈ చెంబులో ఉడుకుతుంటే నీళ్ళు శుద్ధమని నా కూతురితో ఎలా చెప్తాను?"

చెంబు పట్టుకుని తనే లేచింది. ఆవిడ వెళ్తే మూడోసారి కూడా అంతే సంగతులు. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. చెంబు లాక్కుని, "నువ్వు గుమ్మంలో నిలబడు. నేను పోసి వస్తాను. వచ్చి తలూపుతాను, అప్పుడు చెప్పు నీ మాట," అన్నాను.

ఆటోలో చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గతుకుల రోడ్డు. చుక్క తొణక్కూడదు. సింహాచలం అద్దంలోంచి చూస్తున్నాడు.

"అందులో ఏటున్నాదమ్మా, అంత పదిలంగా అట్టుకున్నారు?"

"నీకు కనబడేవి కాదులే. గోతులు చూసుకుని పోనీ."

ఇన్నేళ్ళుగా చేపల కడుగు పెరట్లో పారబోసినదాన్ని, ఆ పూట చెంబులోకి తొంగిచూస్తూ, 'కాస్త ఓపిక పట్టండర్రా' అంటున్నాను. నవ్వండి, నాకూ నవ్వే వస్తోంది. అప్పుడు రాలేదు.

మంగమ్మ బావిగట్టు మీద వంకాయలు ఏరుతోంది.

"మల్లీ ఒచ్చినారేటి? ఏటి మర్సిపోనారు?"

"మీ బావివి కొన్ని మాతో వచ్చేశాయమ్మా. తిరిగివ్వడానికొచ్చాను."

చెంబులోకి చూసింది. "ఇందల ఏటీ నేదు గదా."

"ఉన్నాయట. కంటికి కనబడవట."

"కనపడనోటి కోసం ఆటో కట్టించుకోని ఒచ్చినావా?" అని బోసినోటితో నవ్వింది. నేను తాళ్ళు పట్టుకుని తడబడుతుంటే తనే వచ్చి పై తాడు అందుకుంది. "మెల్లిగా దించమ్మా. ఎత్తు మీంచి పడితే మనకైనా నడుం ఇరిగిపోద్ది."

చెంబు నీటిని తాకింది. కింది తాడు లాగాను. శబ్దం కూడా రాలేదు. ఒకటి రెండు వలయాలు లేచి, గోడని తాకి, పోయాయి.

తిరిగొచ్చేసరికి రైలుగేటు పడింది.

గూడ్సు బండి. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. దానికి తల ఉంది కాని తోక లేదు. ఫోను చేద్దామంటే మడిలో ఉన్న వదిన ఫోను ముట్టదు. మిగతావాళ్ళ నంబర్లు నాకు తెలియవు. ఆ రైలుని, గేటుని, నన్ను, అందర్నీ తిట్టాను. గేటు లేచాక సింహాచలం ఆటోని ఎద్దుని తోలినట్టు తోలాడు.

గదుల ముందు దిగాను. వదిన గుమ్మంలోనే ఉంది, చేతిలో కొబ్బరికాయ పెట్టిన కలశంతో. పక్క గది ఆవిడ నాతో మెల్లిగా చెప్పింది. పింకీ వచ్చి సరిగ్గా వదిన ఎదురుగానే ఆగిందట. నియమం కుదిరిందన్నమాట. వదిన మూడు ప్రదక్షిణలు చేసి, మనసు శుద్ధం అంది, మాట శుద్ధం అంది, ఒళ్ళు శుద్ధం అంది. అక్కడ ఆగిపోయింది. ఆ పిల్ల నిలబడింది. చాలాసేపు నిలబడింది. తరవాత కళ్ళు దించుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఇంకే గుమ్మం దగ్గరా ఆగలేదు.

"ఎప్పుడో పోసేశాను వదినా. గేటు పడింది. చెప్పేస్తే పోయేది కదా ఆ ఒక్క ముక్కా," అన్నాను.

"పోశావో లేదో నాకు తెలీదుగా," అంది వదిన. "ఈ ఎండలో దానికి రేపటిదాకా నీళ్ళు లేవు. నేనే లేకుండా చేశాను."

మేమిద్దరమూ కూడా ఆ పూట ఏమీ తినలేదు. నేను పస్తుండడం నాకే కొత్త.

మధ్యాహ్నం దర్శనానికి వెళ్ళాం. పింకీ చెక్క పీట మీద కూర్చుని ఉంది, పెదాలు ఎండిపోయి. వదిన దూరంగా నేల మీద కూర్చుని, అందరిలాగే 'మాతాజీ' అని పిలిచి, చేతులు జోడించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"మీరే వెళ్ళారా? దించి పోశారా?"

నా ఒళ్ళో పెరిగిన పిల్ల నన్ను మీరు అంటుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. "దించే పోశానమ్మా. చప్పుడు కూడా అవలేదు," అన్నాను.

"మంచిది," అంది. తల్లి వైపు చూసి కూడా అదే మాట, అదే గొంతుతో, "మంచిది," అంది. అంతే.

గంజాం, వంతెన

ఆ సాయంత్రం ఎండ చల్లబడ్డాక సంఘం గంజాం ఊరిదాకా నడిచింది. మర్నాడు తెల్లవారుతూనే మళ్ళీ బయల్దేరితే మేమూ వెనకాల నడిచాం. సింహాచలం ఆటోని మా వెనక అడుగులో అడుగేసి తోలుకొచ్చాడు.

రుషికుల్య వంతెన ఎక్కేసరికి నదీ లేదు, సముద్రమూ లేదు, అంతా తెల్లటి ఆవిరి. అందులోంచి కిందెక్కడో పడవ మీద ఎవరో దగ్గిన చప్పుడు మాత్రం వచ్చింది. ఈ నది సముద్రంలో కలిసే చోటికే తాబేళ్ళు వేలకి వేలు వచ్చి ఇసకలో గుడ్లు పెట్టి పోతాయట. పిల్లల్ని మళ్ళీ చూడవట. సింహాచలం చెప్పాడు. వదిన విననట్టే నడిచింది.

పక్కనుంచి లారీలు హోరుమని పోతున్నాయి. ముందు నలుగురూ నాలుగడుగుల మేర నేల చూసుకుంటూ నడుస్తున్నారు. ఒకచోట పింకీ ఆగింది. రోడ్డు అంచున ఎర్రచీమల బారు. వంగి, చూసి, చుట్టూ తిరిగి నడిచింది. మొన్నటినుంచి చుక్క నీళ్ళు లేని మనిషి, చీమల కోసం నాలుగడుగులు ఎక్కువ వేసింది. నేనూ చుట్టూ తిరిగే నడిచాను. సిగ్గేసి కాదు, తొక్కబుద్ధి కాలేదు.

ఛత్రపురం

ఛత్రపురం జిల్లా ఆఫీసుల ఊరు. కచేరీలు, కోర్టులు, నల్లకోట్లు, చెట్ల కింద టైపు మిషన్లు. కోర్టు వీధి వెనకే ఒక పాత సత్రంలో దిగారు. అక్కడి బావి మంచినీళ్ళది. ఈసారి వదిన వడగట్టడం, గుడ్డ కడగడం, చెంబు దించడం నేను పక్కనే నిలబడి చూశాను. దించాక కూడా ఖాళీ చెంబు రెండుసార్లు తిప్పి చూసింది.

"ఇంకోటుంది వదినా," అంది గుమ్మంలోకి వెళ్ళబోతూ. "వాళ్ళు తినేటప్పుడు ఏడుపు చెవిన పడకూడదు. పడితే అంతరాయం. దోసిట్లో ముద్ద అక్కడే వదిలేసి లేచిపోతారు. మళ్ళీ రేపే. నేను ఏడవకుండా చూడు."

"నిన్ను నేనెలా ఆపుతాను, నోరు కుట్టనా?" అన్నాను. నవ్వింది. భయంతో నవ్వింది.

నేను చేపలు తినే మనిషిని, వంటగది గడప దాటకూడదు. వసారా కిటికీ దగ్గర నిలబడ్డాను. నలుగురూ వచ్చారు. పింకీ మొదటి గుమ్మం దాటింది. రెండోదీ దాటింది. వదిన గుమ్మం కూడా దాటి రెండడుగులు వేసింది. నా ప్రాణం పోయింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది.

వదిన గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మనసు శుద్ధం, మాట శుద్ధం, ఒళ్ళు శుద్ధం, అన్నం నీళ్ళు శుద్ధం. పిల్ల లోపలికొచ్చి కూర్చుని రెండు చేతులూ దోసిలిగా కలిపింది. మణికట్లు కందిపుల్లల్లా ఉన్నాయి. వదిన ముందు నీళ్ళు పోసింది. సన్నటి ధార. పిల్ల తాగింది. మళ్ళీ పోసింది, మళ్ళీ తాగింది. ఎంతకీ ఆగకుండా తాగుతూనే ఉంది. తరవాత వదిన పప్పన్నం ముద్ద కలిపి, ముద్దలో వెంట్రుకా పురుగూ లేకుండా వేళ్ళతో విప్పి చూసి, ఆ దోసిట్లో పెట్టింది. వదిన కళ్ళు పొడిగా ఉన్నాయి. మొహం రాయిలా ఉంది. ముద్ద తరవాత ముద్ద అందిస్తూనే ఉంది.

ఆ మొహం చూస్తుంటే నాకే ఏడుపు తన్నుకొచ్చింది. ఎక్కిళ్ళు వచ్చేలా ఉన్నాయి. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆగలేదు. ఇంకొక్క క్షణం అక్కడుంటే ఆ పిల్ల నోటి దగ్గర ముద్ద నా వల్ల పోతుందని, చెప్పులు కూడా తొడుక్కోకుండా వసారా దిగి, సత్రం గేటు దాటి, కోర్టు వీధిలోకి పరిగెత్తాను. మలుపు తిరిగాక ఒక టీకొట్టు బల్ల మీద కూలబడి, కొంగు నోట్లోంచి తియ్యకుండానే ఏడ్చాను.

టీకొట్టతను గ్లాసులు కడగడం ఆపి దగ్గరికొచ్చాడు. రోజూ అలాంటివాళ్ళని చూసే మనిషి.

"ఏటమ్మా, కేసు పోనాదేటి?" అన్నాడు జాలిగా. జవాబు రాకపోయేసరికి గొంతు పెంచాడు. "పై కోర్టు ఉన్నాది గదమ్మా, అపీలు ఏసుకోవచ్చు. ఊరుకోండి."

నేను చేత్తో వద్దని సైగ చేసి, నోట్లోంచి కొంగు తీశాను.

"మెల్లిగా మాట్లాడు బాబూ," అన్నాను. "పిల్ల అన్నం తింటోంది."